ఆరు నిమిషాలమ్మ

మా ఆసుపత్రిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఊపిరితిత్తుల వార్డు వెనక పొడవాటి కారిడార్ ఒకటుంది. అందులో రోగుల్ని ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం నడిచారో కొలవడం నా పని. అందుకని ఆరు నిమిషాలమ్మనయ్యాను. మొహం మీద "మేడమ్" అంటారు. నేను అటు తిరగ్గానే "ఆరు నిమిషాలమ్మ వచ్చింది, చెప్పులు సరిచేసుకోండి" అని గుసగుసలు. నాకేం కోపం లేదు. కోపం రావడానికి నాకు వేరే కారణాలు బోలెడున్నాయి.

చూసేవాళ్ళకు ఇది పిల్లలాటలా ఉంటుంది. నేల మీద ముప్ఫై మీటర్ల ఎడంలో రెండు నారింజరంగు కోన్లు. ఈ కోను నుంచి ఆ కోను దాకా నడవాలి, చుట్టు తిరిగి మళ్ళీ వెనక్కి రావాలి. ఎన్నిసార్లు కోను చేరితే అన్ని ముప్ఫైలు లెక్క. పరుగెత్తకూడదు. ఆయాసం వస్తే ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. రోగి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, దాని యంత్రం నా చేతిలో, రెండింటికీ మధ్య మూరెడు మీద జానెడు తీగ. తీగ లేని యంత్రాలు ఎక్కడో వచ్చాయట. మా దాకా రాలేదు. కాబట్టి నేను రోగి వెనకే నడవాలి. పక్కన నడవకూడదు, ముందు అసలే నడవకూడదు. పక్కన నడిస్తే మనిషి తనకు తెలియకుండానే మన అడుగులో అడుగు కలుపుతాడు. అప్పుడు కొలిచింది అతని ఊపిరి కాదు, మన నడక.

కబుర్లు చెప్పకూడదు. నిమిషానికోసారి అనాల్సిన మాటలు కూడా ముందే నిర్ణయించి పెట్టారు. "బాగా నడుస్తున్నారు. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి." అంతే. "శభాష్" అనకూడదు, "ఇంకొంచెం, ఇంకొంచెం" అనకూడదు. ఏడుస్తూ నడిచేవాడికీ అదే మాట, కూనిరాగం తీస్తూ నడిచేవాడికీ అదే మాట, అదే గొంతు. ఒకాయన ఆరు నిమిషాలూ అయ్యాక, రొప్పు తగ్గించుకుని, "మీరు ఇంతకుముందు రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్లు చెప్పేవారా అమ్మా?" అని అడిగాడు.

నా కింద పని నేర్చుకున్న పిల్ల ఒకతి ఉంది. కుదురుగా ఒకచోట నిలబడదని దానికి పిచ్చుక అని పేరు పెట్టాను. కొత్తలో ఒక ముసలాయన నడుస్తుంటే, "రండి తాతా, వచ్చేశారు, ఇదిగో ఇంకో నాలుగడుగులు!" అని చప్పట్లు కొట్టింది. ఆయన మురిసిపోయి ఎగిరెగిరి నడిచాడు. ఆ సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి వాయించాను.

"నీ చప్పట్లకు మీ తాత ఎక్కువ నడిచాడు. డాక్టరు గారు ఆ నంబరు చూసి ఇంటికి పంపేశారు. ఆయన ఇంటి మెట్ల మీద కూలబడ్డాడనుకో. అప్పుడు నీ చప్పట్లు వెళ్ళి లేపుతాయా?"

అది ముక్కు చీదుకుంటూ "ఇంకెప్పుడూ చేయనక్కా" అంది. మళ్ళీ చేయలేదు కూడా.

అట్లాంటిదాన్ని నేనే మంచాన పడ్డాను. జలుబన్నారు, జ్వరమన్నారు, చివరికి రెండు వైపులా న్యుమోనియా అన్నారు. నేను రోజూ ఏ గది ముందు నుంచి నడిచిపోతానో ఆ గదిలోనే నన్ను పడుకోబెట్టి గొంతులో గొట్టం వేశారు. ఆ రోజుల గురించి నాకు తెలిసింది తక్కువ. తెలిసింది కూడా తలుచుకోవడం నాకిష్టం లేదు. ఇంటికి వచ్చేసరికి నా చీరలు నాకు పెద్దవయ్యాయి.

మేముండేది రెండో అంతస్తు. మా ఆయన బస్సు డ్రైవరు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. నా కాపలా అత్తగారిది. ఆవిడ పళ్ళు ఊడి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు గానీ కాళ్ళు మాత్రం గట్టివి. నన్ను గాలికి కిందికి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు నాకంటే ముందే పైకెక్కేసి, మెట్ల మీద నుంచి తొంగి చూసి కేకేసేది.

"ఏమ్మా, వస్తున్నావా, అక్కడే కాపురం పెట్టావా?"

నవ్వాలంటే ఊపిరి కావాలి. రెయిలింగు పట్టుకుని, తలెత్తి ఆవిడ బోసినోరు చూస్తూ నిలబడేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడ కేకేయడం మానేసింది. పై మెట్టు మీద కూర్చుని ఏమీ అనకుండా ఎదురుచూసేది. ఆ కేకలే నయం అనిపించింది.

సెలవు అయిపోయే రోజు దగ్గర పడింది. పెద్ద డాక్టరు గారు నన్ను పిలిపించి చెప్పారు.

"చూడమ్మా, నీకు తెలియంది కాదు. నీ కారిడార్లోనే నడువు. నేను చెప్పిన దూరం వస్తే నీ పని నీదే. రాకపోతే రోగులకు చీటీలు రాసిచ్చే కిటికీ దగ్గర కూర్చో. జీతం అదే, కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది."

ఇంట్లో చెప్తే అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "కూర్చోబెట్టి జీతమిస్తామంటే ఏడుస్తావేంటే?"

మా ఆయన ఆవిడ వైపు చూసి ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయనకు తెలుసు. బస్సు తోలేవాణ్ణి టికెట్ల లెక్క చూసుకోమంటే ఎలా ఉంటుందో ఆయనకు వేరే చెప్పాలా. నాకు ఆ కారిడార్ కావాలి. అక్కడ నేను నడిపించేదాన్ని. కిటికీ వెనక కూర్చుంటే జబ్బు నన్నింకా వదల్లేదని రోజూ ఒప్పుకున్నట్టే. అది నావల్ల కాదు. ఎంత మొండితనమంటే అంత మొండితనం అనుకోండి.

నాకు పరీక్ష పెట్టింది పిచ్చుకే. వేలికి క్లిప్పు పెడుతుంటే దాని చేతులు చల్లగా ఉన్నాయి. "పరుగెత్తకూడదు, ఆయాసం వస్తే ఆగొచ్చు..." అని మొదటి నుంచీ అంతా అప్పజెప్పింది. ఒక్క మాట పొల్లు పోలేదు. నేను నేర్పినట్టే చెప్పింది. బయలుదేరాను.

ఆ కారిడార్లో ఏ బండ ఎక్కడ అరిగిందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అవతలి కోను మందుల గది తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. దానికి ముందు ఒక కిటికీ వస్తుంది. నేను కిటికీ దాకా వెళ్ళేసరికి కోను అక్కడే ఉంది. తలుపు ఇంకా నాలుగడుగుల అవతల ఉంది.

మొదట నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. మలుపు తిరుగుతూ పిచ్చుక మొహం చూశాను. అది యంత్రం వైపు చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. దానికి అర్థమైంది నాకు అర్థమైందని.

ఆ క్షణంలో ఆగి, "కోను దాని చోట పెట్టవే" అని ఉండాల్సింది. ఇంకెవరైనా అయితే ఆ మాట అనేదాన్ని, దాంతో పాటు ఇంకో నాలుగు కలిపి మరీ అనేదాన్ని. నేను తిరిగాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ కిటికీ దగ్గరే తిరిగాను. వెళ్ళినప్పుడల్లా పోను నాలుగడుగులు, రాను నాలుగడుగులు మిగులుతున్నాయి. ఎవరో ఒళ్ళో డబ్బు పోస్తుంటే కొంగు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఛాతీలో మంట, మోకాళ్ళలో వణుకు. వెనక నుంచి "బాగా నడుస్తున్నారు. ఇంకా రెండు నిమిషాలున్నాయి" అని పిచ్చుక గొంతు. అది అందరికీ చెప్పే మాటేనని ఈ లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా దాన్ని పట్టుకునే నడిచాను.

దూరం వచ్చింది, బొటాబొటిగా. పెద్ద డాక్టరు గారు "మొండిఘటం" అని నవ్వారు. నేనూ పిచ్చుకా ఆ రోజు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మర్నాడు వచ్చి చూస్తే కోను తలుపుకు ఎదురుగా, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు ఉంది.

పనిలో చేరిన రోజు మొదట వచ్చింది ఒక పెద్దావిడ. కర్ర పట్టుకుని, అడుగుకో దేవుణ్ణి తలుచుకుంటూ నడిచింది. నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది. "చూశావా, ఏం కాలేదు" అని పిచ్చుకకు చెప్పాను. అది తల ఊపింది గానీ నవ్వలేదు.

తర్వాత మేస్త్రీ వచ్చాడు. ఎత్తైన మేడల గోడలకు తాళ్ళ మీద వేలాడుతూ రంగులు వేసే మనిషి. వెనుకటి చలికాలంలో మా వార్డులో చావు అంచు దాకా వెళ్ళొచ్చాడు. ఆఖరి పరీక్ష ఇది. ఈ దూరం బాగుంటే డాక్టరు గారు మళ్ళీ తాడెక్కమని రాసిస్తారు. నీళ్ళ సీసా, గొడుగు, అతని చెప్పులు అన్నీ మోసుకుంటూ వాళ్ళావిడ కూడా వచ్చింది.

"ఎంత నడిస్తే పనికి పంపిస్తారమ్మా? చెప్పండి, అంతే నడుస్తా. ఒక్కడుగు ఎక్కువైనా దండగే కదా" అన్నాడు.

"ఇంట్లో గోడలకూ ఇంతేనండి" అంది ఆవిడ. "బీరువా వెనక భాగం వదిలేసి రంగు వేశాడు, ఎవరు చూస్తారని."

నాకు నవ్వొచ్చింది. ఆయాసం లేకుండా నవ్వాను కూడా. అదొక గొప్ప.

మేస్త్రీ బయలుదేరాడు. సన్నగా ఉన్నాడు, అడుగు పొడుగు. మొదటిసారి కోను దాకా వెళ్ళి వచ్చేసరికే నా నోరు ఎండిపోయింది. రెండోసారి సగం దూరంలో నేను వెనకబడ్డాను. తీగ బిగిసింది. అతని చెయ్యి కొంచెం వెనక్కి వచ్చింది. అతను అడుగు తగ్గించాడు. అమ్మయ్య అనుకుని దగ్గరికి చేరాను. కాసేపటికి అతను మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ తీగ బిగిసింది, మళ్ళీ తగ్గించాడు.

"బాగా... నడుస్తున్నారు. ఇంకా... మూడు..." ఆ మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. చేతిలో యంత్రం మీద అంకెలు అలుక్కుపోయినట్టు ఉన్నాయి. లోపల్లోపల ఒకటే మొక్కుకుంటున్నాను. నాయనా, నీకు ఆయాసం రావాలి, నువ్వు ఆగాలి, గోడకు ఆనుకోవాలి. ఇన్నేళ్ళలో ఏ రోగికీ నేను అలా కోరుకోలేదు. నా మొర విన్నట్టే అతను నెమ్మదించాడు. తర్వాత ఇక వేగం అందుకోనే లేదు, చివరి దాకా నింపాదిగా, షికారు వెళ్ళినట్టు నడిచాడు. పాపం అలిసిపోయాడనుకున్నాను. సంతోషించాను కూడా.

దూరం చాలా తక్కువొచ్చింది. రాసిచ్చాను. అతను లోపల డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, నేను ఇటు గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా గాలి పీల్చుకుంటూ నిలబడ్డాను.

బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటూ, "తాడు సంగతి ఇక మర్చిపొమ్మన్నారమ్మా" అన్నాడు. గొంతులో ఏమీ లేదు, వానొస్తుందేమో అన్నట్టు అన్నాడు. వాళ్ళావిడ గొడుగు పిడిని తిప్పుతూ నేల చూస్తోంది.

"అలిసిపోయారు కదా, అందుకే..." అన్నాను.

"అలిసిపోవడమేంటమ్మా, నాకేం ఆయాసం రాలేదే. ఇంకా విసురుగా నడిచేవాణ్ణే. మీరే తీగ లాగుతున్నారని మెల్లగా నడిచాను."

నాకు అర్థం కాలేదు. అతని మొహం చూశాను.

"మా పనిలో పైన వేలాడేవాడికి కిందివాడి మాట వినపడదు కదా. తాడు ఒకసారి లాగితే మెల్లగా అని. ఇంకా లాగుతుంటే ఇంకా మెల్లగా అని. ఎందుకని అడగం. పైవాడికి కనపడనిది కిందివాడికి కనపడుతుంది. ఆ అలవాటు." లేచి నిలబడ్డాడు. "నా ఆక్సిజన్ పడిపోతోందేమో, మీరు చూసి లాగుతున్నారనుకున్నాను. మంచికే లాగి ఉంటారు. మీకు తెలియనిదా."

దణ్ణం పెట్టాడు. వాళ్ళావిడ కూడా పెట్టింది. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళారు.

అప్పుడు యంత్రం వైపు చూశాను. దానిలో మొదటి నుంచీ చివరి దాకా అంకెలు భద్రంగా ఉంటాయి. అతని ఆక్సిజన్ ఎక్కడా పడలేదు. అరుగులా చదునుగా ఉంది. ఆ అంకెలున్న మనిషి తాడెక్కొచ్చు, మేడెక్కొచ్చు, పెళ్ళాం మీద కేకలేసుకుంటూ బీరువా వెనక కూడా రంగులు వేయొచ్చు. అతన్ని వెనక్కి పట్టి లాగింది జబ్బు కాదు, నేను.

ఒక్క కేక వేస్తే ఆగేవాళ్ళే. కారిడార్ చివర మలుపు తిరిగే దాకా నాకు కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళను పిలిస్తే ఎందుకు తప్పొచ్చిందో చెప్పాలి. అది చెప్తే, నడిపించేది రోగి వెనక నడవలేకపోయిందని చెప్పాలి. అది చెప్తే నా దూరం ఎలా వచ్చిందని అడుగుతారు. ఆలోచనలో ఇన్ని మెట్లు దిగేసరికి వాళ్ళు మలుపు తిరిగిపోయారు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఒక్క క్షణం నాకు హాయిగా కూడా అనిపించింది.

తర్వాత ఆ గొడుగు పిడి గుర్తొచ్చింది, ఆవిడ వేళ్ళు దాన్ని తిప్పుతున్న తీరు గుర్తొచ్చింది. వెంటపడ్డాను.

వార్డు దాటాను, చీటీల కిటికీ దాటాను, బయటి మెట్లు దిగాను. మెట్ల కింద కాళ్ళు ఆగిపోయాయి. వాళ్ళు గేటు దగ్గర ఉన్నారు. పరుగెత్తడం లేదు, తొందరేం లేదు, ఆవిడ ఏదో అంటోంది, అతను తల ఊపుతున్నాడు. నేను మళ్ళీ కదిలాను. నేను గేటు చేరేసరికి వాళ్ళు వీధిలో మందుల దుకాణం దాటారు. "మేస్త్రీ" అన్నాను. నా చెవికే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. దగ్గు తెర వచ్చింది. గేటు ఊచలు పట్టుకుని వంగిపోయాను. తలెత్తేసరికి బస్సు వచ్చి ఆగి ఉంది. మేస్త్రీ ముందు వాళ్ళావిణ్ణి ఎక్కించి, తర్వాత తనూ ఒక్క అంగలో ఎక్కాడు. రోగి వాడు. నేను వాణ్ణి అందుకోలేకపోయాను.

గేటు దగ్గర ఎంతసేపున్నానో తెలియదు. కాపలా మనిషి వచ్చి "ఆటో పిలవమంటారా మేడమ్?" అని అడిగాడు. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. చేత్తో వద్దన్నాను.

వెనక్కి వస్తుంటే గోడ పట్టుకుని వచ్చాను. ఎవరు చూస్తే నాకేంటి అనిపించింది. పిచ్చుక ఎదురొచ్చింది. నా మొహం చూసి దాని మొహంలో రక్తం లేకుండా పోయింది.

"అక్కా, ఏమైంది? పడ్డావా?"

"పెద్ద డాక్టరు గారు ఉన్నారా?"

"ఉన్నారు. ఎందుకక్కా?" నేను ఆయన గది వైపు తిరిగేసరికి దానికి తట్టింది. నా చెయ్యి పట్టుకుంది. "నేనే చేశాను, నేనే చెప్తాను. నిన్ను ఆ చీటీల కిటికీ దగ్గర చూడలేననిపించింది."

దాన్ని తిట్టాలి. తిట్టడానికి ఊపిరి లేదు. ఉన్నా తిట్టేదాన్ని కాదేమో. దాని చెయ్యి విడిపించుకుని, తల మీద ఒకసారి చెయ్యి వేశాను.

"నువ్వు జరిపావు. తిరిగింది నేను. నువ్వు రాకు. వెళ్ళి మేస్త్రీ ఫోను నంబరు వెతికి పెట్టు."

డాక్టరు గారి తలుపు తోశాను. ఆయన తలెత్తి నన్ను చూసి, కంగారుగా లేచి, ఎదురుగా ఉన్న కుర్చీ జరిపారు.

"ముందు కూర్చో. ఊపిరి తీసుకో. తర్వాత చెప్దువు గాని."

"కూర్చుంటే చెప్పలేనండీ" అన్నాను. తలుపు రెక్క పట్టుకుని నిలబడి, ఉన్న ఊపిరి అంతా కూడగట్టుకున్నాను. "మేస్త్రీకి ఇచ్చిన దూరం తప్పండీ. నాది కూడా."